"ఎంత స్పీడ్‌లో ఉన్నావ్?": కూతురి తొలి యాక్సిడెంట్, డ్రైవర్ నాన్న (కేస్ స్టడీ)

నా దగ్గరికి కౌన్సెలింగ్‌కి వచ్చిన ఒక కుటుంబం అనుమతి తీసుకుని రాస్తున్నాను. పేర్లు రాయలేదు, గుర్తుపట్టే వీలున్న కొన్ని వివరాలు మార్చాను. జరిగిన క్రమాన్ని మాత్రం మార్చలేదు.

ఎందుకు వచ్చారు

అమ్మాయికి 19 ఏళ్లు. విజయవాడలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. నాకు ఫోన్ చేసింది వాళ్లమ్మ. "మా అమ్మాయికి కోడిగుడ్డు వాసన తగిలితే చాలు, వాంతి అవుతోంది మేడమ్. కడుపు డాక్టర్‌కి చూపించాం. పరీక్షలన్నీ నార్మల్ వచ్చాయి. మిమ్మల్ని కలవమన్నారు" అన్నారు. యాక్సిడెంట్ అనే మాటే ఆ ఫోన్‌లో రాలేదు.

మొదటి సెషన్‌లో అరగంట దాకా చదువు, నిద్ర, తిండి గురించే మాట్లాడుకున్నాం. నిద్ర సరిగ్గా పట్టడం లేదు. కాలేజీకి ఆటోలో వెళ్తోంది. నాన్నతో మాటలు బాగా తగ్గిపోయాయి. గుడ్డు వాసన ఎప్పటి నుంచి పడటం లేదని అడిగితే, చాలాసేపు చున్నీ అంచు చుట్టుకుంటూ కూర్చుని, "కారు తగిలించినప్పటి నుంచి" అంది. పక్కనే ఉన్న వాళ్లమ్మ వెంటనే "అదేం పెద్దది కాదు మేడమ్, చిన్న సొట్ట" అన్నారు. అప్పటికి ఆరు వారాలైంది.

ఆ సాయంత్రం

కారు తొమ్మిదేళ్ల పాత మారుతి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. అమ్మాయికి లైసెన్స్ వచ్చి ఏడు నెలలు. నేర్పింది వాళ్ల నాన్నే. ఆయన ఆర్టీసీలో డ్రైవర్.

సాయంత్రం ఆరున్నరకి, బందరు రోడ్డు నుంచి పటమట లోపలికి తిరిగే చోట ట్రాఫిక్ నెమ్మదిగా కదులుతోంది. ముందు ఒక స్కూటర్. నడుపుతున్నాయన చిన్న కిరాణా కొట్టు యజమాని. కాళ్ల దగ్గర రెండు ట్రేల గుడ్లు తాడుతో కట్టుకుని వెళ్తున్నారు. పక్క నుంచి ఆటో అడ్డం రావడంతో ఆయన బ్రేక్ వేశారు. సరిగ్గా అప్పుడే అమ్మాయి కుడివైపు అద్దంలోకి చూస్తోంది. కారు బంపర్ స్కూటర్ వెనక భాగానికి తగిలింది. స్కూటర్ ఎడమ పక్కకి ఒరిగిపోయింది. ఆయన మోకాలు, మోచేయి దోక్కుపోయాయి. అరవై గుడ్లలో మిగిలినవి పదో పన్నెండో.

"కారు దిగి రెండడుగులు వేశా మేడమ్. పచ్చసొన తారు మీద పాకుతూ నా చెప్పు దాకా వచ్చింది. ఇంక ముందుకి వెళ్లలేకపోయా. మళ్లీ కార్లోకి వెళ్లి కూర్చున్నా."

ఆ రోజు తన వేగం 20 కిలోమీటర్లు కూడా ఉండదు. గంటకి 20 అంటే సెకనుకి ఐదున్నర మీటర్లు. అద్దంలోకి చూసి, ముందుకి చూసి, కాలు బ్రేక్ మీద పడేసరికి ఒకటిన్నర సెకను పడితే, బండి ఎనిమిది మీటర్లు వెళ్లిపోతుంది. ముందు బండికి తను వదిలిన దూరం రెండు మీటర్లో, మూడు మీటర్లో. కొత్తగా నేర్చుకున్నవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటే ఇది. ఇందులో దూకుడు లేదు, ఫోన్ చూడటం లేదు. ఈ లెక్క వాళ్ల నాన్నకి నాకంటే బాగా తెలుసు.

చుట్టూ జనం మూగారు. ఒకాయన అద్దం మీద కొట్టి "దిగమ్మా" అన్నారు. అమ్మాయి నాన్నకి ఫోన్ చేసింది. ఆయన అప్పుడు బస్టాండ్‌లో రెండు ట్రిప్పుల మధ్య ఉన్నారు.

"నాన్నా, యాక్సిడెంట్ అయింది."

"ఎంత స్పీడ్‌లో ఉన్నావ్?"

తర్వాత "ఏ గేర్‌లో ఉన్నావ్?" తర్వాత "ముందు బండికి ఎంత దూరం వదిలావ్?" తర్వాత "బ్రేక్ ముందు తొక్కావా, క్లచ్ ముందు తొక్కావా?" నాలుగు ప్రశ్నలయ్యాక "అక్కడే ఉండు, వస్తున్నా" అని ఫోన్ పెట్టేశారు. డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పి, తోటి డ్రైవర్ బైక్ వెనక కూర్చుని నలభై నిమిషాల్లో వచ్చారు.

ఆ నాలుగు ప్రశ్నల్నీ అమ్మాయి నాకు అదే వరసలో మూడు సెషన్లలో మూడుసార్లు చెప్పింది. గుడ్ల గురించి చెప్పేటప్పుడు గొంతు వణికేది. ఈ ప్రశ్నలు చెప్పేటప్పుడు మాత్రం ఎక్కాలు అప్పజెప్పినట్టు ఏ భావమూ లేకుండా చెప్పేది. అది నేను మొదట్లోనే పట్టుకోవాల్సింది.

నాన్న చేసినవన్నీ సరైనవే

ఈ తండ్రి బాధ్యత తప్పించుకునే మనిషి కాదు. స్కూటర్ ఆయన్ని దగ్గరుండి తీసుకెళ్లి కట్టు కట్టించి, టీటీ ఇంజెక్షన్ వేయించారు. మర్నాడు ఉదయాన్నే వాళ్ల కొట్టుకి వెళ్లి గుడ్లకీ, స్కూటర్ రిపేరుకీ కలిపి మూడు వేలు ఇచ్చి వచ్చారు. కారుని ఆటోనగర్‌లో తెలిసిన టింకరింగ్ షెడ్డులో ఇచ్చి బంపర్ సరి చేయించారు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టలేదు. ఇంత చిన్న సొట్టకి క్లెయిమ్ పెడితే తప్పనిసరిగా మన చేతి నుంచి పెట్టాల్సిన వెయ్యి రూపాయలు ఎలాగూ పోతాయి, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కూడా పోతుంది. ఆ లెక్క సరైనదే.

ఒక్క విషయంలో ఆయనతో నేను విభేదించాను. ఎదుటి మనిషికి దెబ్బ తగిలినప్పుడు, అది చిన్నదే అయినా, మాటల మీద సర్దుకుని ఊరుకోకూడదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 134వ సెక్షన్ ప్రకారం బండి నడిపినవాళ్లు గాయపడిన మనిషికి వైద్యం అందేలా చూడాలి, 24 గంటల్లోగా పోలీసులకి తెలపాలి, ఇన్సూరెన్స్ కంపెనీకీ చెప్పాలి. రేపు స్కూటర్ ఆయనకి మోకాలు వాచి ఎముక సమస్య అని తేలితే, థర్డ్ పార్టీ కవర్ (ఎదుటివాళ్ల నష్టానికి ఇచ్చే బీమా) ఉన్నది అందుకే. ఇది చెప్పినప్పుడు నాన్న తలూపి, తన నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు కారు ఆయనే నడిపారు. దారిలో ఒక్క మాట లేదు. ఇంటికి రాగానే తాళాలు బీరువాలో పెట్టేశారు. వాళ్లమ్మ గుమ్మంలోనే నిలబెట్టి ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీశారు. "ఆ రోజు మొత్తంలో నన్ను ముట్టుకుంది అమ్మ ఒక్కతే" అంది అమ్మాయి. ఆ వాక్యాన్ని నేను కేస్ షీట్‌లో గీత గీసి పెట్టుకున్నాను. దిష్టి మీద నమ్మకం ఉన్నా లేకపోయినా, భయపడి వచ్చిన పిల్లని ఆపి, దగ్గరికి వెళ్లి, తల నుంచి కాళ్ల దాకా చూసే పద్ధతి అది. ఆ ఇంట్లో ఆ సాయంత్రం జరిగిన ఒకే ఒక్క ప్రథమ చికిత్స అదేనని నా అభిప్రాయం.

కానీ తర్వాత అమ్మే, "మావయ్య వాళ్లకి తెలియనివ్వకండి, ఆడపిల్లకి కారెందుకని మొదలుపెడతారు" అన్నారు. దాంతో ఇంట్లో ఆ విషయం పూర్తిగా మూతపడింది.

నా మొదటి అంచనా, అందులో పొరపాటు

భయంకరమైన ఘటన తర్వాత వచ్చే ఒత్తిడి లక్షణాల్ని కొలవడానికి మేం 22 ప్రశ్నల స్కేల్ ఒకటి వాడతాం. సాధారణంగా 33 దగ్గర గీత పెట్టుకుంటాం. అది దాటితే పీటీఎస్‌డీని (అలాంటి ఘటన తర్వాత మనసులో నిలిచిపోయే ఒత్తిడి జబ్బు) అనుమానిస్తాం. ఈ అమ్మాయికి 29 వచ్చింది. పైగా ఇక్కడ ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. కాబట్టి పీటీఎస్‌డీ అని రాయలేదు. డ్రైవింగ్ భయం, దానికి అంటుకున్న వాసన అని రాసుకున్నాను.

భయానికి మా దగ్గర గట్టి పద్ధతే ఉంది. భయపెట్టే పనుల్ని మెట్లుగా పేర్చి, తక్కువ భయం నుంచి ఎక్కువ భయానికి ఒక్కో మెట్టూ ఎక్కించడం. మొదటి మెట్టు, ఇంజిన్ ఆఫ్ చేసిన కార్లో డ్రైవర్ సీట్లో పది నిమిషాలు కూర్చోవడం. తాళాలు నాన్న దగ్గర తీసుకోవాలి. మూడో సెషన్ తర్వాత ఆ పని ఇచ్చి పంపాను.

అమ్మాయి రెండు వారాలు సెషన్‌కి రాలేదు. ఫోన్ చేస్తే, కూర్చోలేకపోయానని చెప్పింది. కార్లో అనుకున్నాను. కాదు. తాళాలు అడగడానికి నాన్న ముందు కూర్చోలేకపోయింది.

స్టీరింగ్‌ని చూసి తను వేసుకున్న భయం మార్కులు వందకి 40. తాళాలు అడగడానికి 85. నేను తప్పు మెట్టు మొదట పెట్టాను. పాత భయం తగ్గకుండా నిలిచిపోవడానికి కారణం ఘటన ఒక్కటే కాదనీ, దాని గురించి ఆ మనిషి తనలో తాను తేల్చుకున్న అర్థం కూడా ఒక కారణమనీ సైకాలజిస్టులు ఆంకె ఏలర్స్, డేవిడ్ క్లార్క్ 2000లో వివరించారు. నేను చదివి, ఇతరులకి చెప్పే విషయమే. ఈ అమ్మాయి తేల్చుకున్న అర్థమేంటో అప్పుడు అడిగాను.

"నాన్న 22 ఏళ్లలో ఒక్క యాక్సిడెంట్ చేయలేదు మేడమ్. నేను ఏడు నెలల్లో చేశా. ఆయన పేరు చెడగొట్టా."

నాన్న ఒక్కరే వచ్చిన రోజు

ఆయన్ని ఒంటరిగా రమ్మన్నాను. డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చారు. కుర్చీ అంచున కూర్చుని, నేను అడగకముందే, "కొట్టలేదు మేడమ్, తిట్టలేదు. ఒక్క మాట అనలేదు. మరి పిల్ల ఎందుకిలా అయింది?" అన్నారు. ఆయన నిజంగా తెలియకే అడుగుతున్నారు.

ఫోన్‌లో మొదట ఏం అడిగారో గుర్తుందా అన్నాను. వెంటనే చెప్పారు, నాలుగు ప్రశ్నలూ అదే వరసలో. ఎందుకవే అడిగారన్నాను. "యాక్సిడెంట్ అయితే అడిగేవి అవే కదా మేడమ్" అన్నారు.

ఆయన లోకంలో అంతే. బస్సు ఎక్కడైనా తగిలితే ఎంక్వైరీ ఉంటుంది. ఎంత వేగం, ఏ గేరు, ఎంత దూరం, బ్రేక్ ఎక్కడ వేశావ్. వాటికి జవాబు లేని డ్రైవర్‌కి ఛార్జిషీట్, సస్పెన్షన్. తోటివాళ్ల ఎంక్వైరీలు ఎన్నో చూశారు. కూతురు ఫోన్ చేయగానే ఆయన తలలో కదిలింది ఒక్కటే: రేపు ఎవరైనా అడిగితే పిల్ల దగ్గర జవాబులుండాలి. ఆయన కాపాడుతున్నానని అనుకున్నారు. అవతల పిల్లకి అవి తీర్పులా వినిపించాయి.

అప్పుడు ఆయన్ని, మీకు మొదటి యాక్సిడెంట్ ఎప్పుడైందని అడిగాను. "నాది యాక్సిడెంట్ ఫ్రీ సర్వీస్ మేడమ్" అన్నారు. సర్వీస్‌కి ముందు అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆర్టీసీలోకి రాకముందు, 22 ఏళ్ల వయసులో ఆయన లారీ క్లీనర్. అప్పుడప్పుడు స్టీరింగ్ ఇచ్చేవాళ్లు. నందిగామ వైపు ఒక రైసు మిల్లులో లారీని రివర్స్ చేస్తూ గేటు స్తంభాన్ని కూల్చేశారు. లారీ ఓనర్ హమాలీలందరి ముందూ చెంప మీద కొట్టాడు. ఆయన అక్కడి నుంచి పారిపోయి నాలుగు రోజులు ఇంటికి వెళ్లలేదు. వాళ్ల నాన్న ఊళ్లన్నీ తిరిగి వెతికారట. "ఆ చెంపదెబ్బ నా పిల్లలకి తగలకూడదనే నేను చెయ్యెత్తను మేడమ్" అన్నారు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, భార్యకి కూడా.

పిల్లలు తప్పు చేసినప్పుడు చాలామంది పెద్దవాళ్లు ఇలాగే చేస్తారు. తమకి జరిగిన అవమానం పిల్లలకి జరగకుండా చూస్తారు. అంతవరకు గొప్పే. కానీ ఆ అవమానం తమకూ జరిగిందని చెప్పరు. దాంతో పిల్లల కళ్లకి తండ్రి ఎప్పుడూ తప్పు చేయని మనిషిలా కనబడతాడు. అలాంటి మనిషి దగ్గరికి తప్పు చేసినవాళ్లు రాలేరు.

ఇద్దరూ కలిసి కూర్చున్న సెషన్

ముందే ఆయనకి ఒక్క షరతు పెట్టాను. "ఏం పర్లేదులే" అనొద్దు, సలహా ఇవ్వొద్దు, మిల్లు దగ్గర జరిగింది జరిగినట్టు చెప్పండి, చాలు.

ఆయన చెప్పారు. పారిపోయిన నాలుగు రోజులూ ఎక్కడ పడుకున్నారో, ఏం తిన్నారో కూడా చెప్పారు. అది నాకూ చెప్పలేదు. అమ్మాయి తలెత్తకుండా విన్నది. అయ్యాక, నెమ్మదిగా అడిగింది.

"ఎంత స్పీడ్‌లో ఉన్నావ్ నాన్నా?"

"రివర్స్‌లో తల్లీ" అన్నారాయన. "ఎంతుంటుంది, నడిచినంత."

ఆయనకి తన ప్రశ్న తనకే వినపడింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నీకేమైనా తగిలిందా అని అడగలేదు కదా నేను" అన్నారు. అమ్మాయి తన ఎడమ మణికట్టు చూపించింది. ఆ రోజు స్టీరింగ్‌కి కొట్టుకుని వారం రోజులు నొప్పి పెట్టిందట. ఎవరికీ చెప్పలేదు. ఆయన ఆ మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఇన్ని వారాల తర్వాత అక్కడ చూడటానికి ఏమీ లేదు. అయినా చాలాసేపు చూశారు.

కిరాణా కొట్టు

ఇంకొక ముడి మిగిలింది. ఆ స్కూటర్ ఆయన్ని అమ్మాయి మళ్లీ చూడలేదు. అంతా నాన్నే చూసుకున్నారు. దాంతో ఆ మనిషి తన ఊహలో రోడ్డు మీద పడినవాడు పడినట్టే ఉండిపోయాడు. కుంటుతున్నట్టు కల వచ్చేదట. పిల్లల తరఫున మనమే వెళ్లి సర్దేస్తే వాళ్లకి భారం తగ్గుతుందనుకుంటాం. కాని, తను ఎవరికి నష్టం చేసిందో ఆ ముఖం చూసి ఒక మాట చెప్పే అవకాశం కూడా పోతుంది.

నాన్న ఒప్పుకోలేదు. "డబ్బులిచ్చేశాం, మళ్లీ గెలకడం ఎందుకు మేడమ్" అన్నారు. పదిరోజులు టైం తీసుకున్నారు. చివరికి ఒక ఆదివారం ఇద్దరూ వెళ్లారు. నాన్న అవతల రోడ్డు మీద ఆగాలి, అమ్మాయి ఒక్కతే కొట్లోకి వెళ్లాలి. ఏం చెప్పాలో తనే కాగితం మీద రాసుకుంది: "ఆ రోజు వెనక నుంచి తగిలించింది నేనే అంకుల్. దిగి వచ్చి అడగాల్సింది. అడగలేదు. సారీ." ట్యూషన్ చెప్పి సంపాదించిన డబ్బులో పదిహేను వందలు నాన్నకి అప్పటికే ఇచ్చేసింది. అది నా సలహా కాదు, తన ఆలోచనే.

తర్వాతి సెషన్‌లో చెప్పింది. ఆయన ప్యాంటు పైకి లాగి మోకాలు చూపించారట. రూపాయి బిళ్లంత నల్ల మచ్చ ఉంది. చకచకా నడుస్తూ వెనక నుంచి బెల్లం బుట్ట తెచ్చారట. తర్వాత ఆయన అన్న మాట ఇది: "మీ నాన్నగారు మర్నాడు కొట్టు తీయకముందే వచ్చారమ్మా. డబ్బులు చేతిలో పెట్టి, మా అమ్మాయి చాలా జాగ్రత్తగా తోలుతుందండీ, ఎలా జరిగిందో, అని రెండుసార్లు చెప్పారు."

ఆ మాట నాన్న పరాయి మనిషికి చెప్పారు. ఇంట్లో చెప్పలేదు. అమ్మాయి రోడ్డు దాటి వెళ్లి నాన్న పక్కన నిలబడి చాలాసేపు ఏడ్చిందట. ఆ రోజు రాత్రి ఇంట్లో ఆమ్లెట్ వేస్తే వంటింట్లోంచి లేచి వెళ్లలేదు.

మళ్లీ స్టీరింగ్

ఇది త్వరగానే సాగింది. ఆదివారం ఉదయం ఆరింటికి ఖాళీ రోడ్డు, తర్వాత ఇంటి నుంచి కూరగాయల మార్కెట్ దాకా, తర్వాత పటమట మలుపు. కష్టమంతా నాన్నకే. పక్క సీట్లో కూర్చుని కాలి కింద లేని బ్రేక్ తొక్కేవారు. ఆయన కాలు కదిలినప్పుడల్లా అమ్మాయికి గుండె జారేది. చేతులు ఒళ్లో పెట్టుకోవాలనీ, కాళ్లు వెనక్కి మడుచుకోవాలనీ, అవసరమైతే "ఆపు" అన్న ఒక్క మాటే అనాలనీ ఒప్పందం రాసుకున్నాం. దూరం లెక్క కూడా అప్పుడే చెప్పించాను. ముందు బండి ఒక కరెంటు స్తంభం దాటిన తర్వాత మనం ఆ స్తంభాన్ని చేరడానికి కనీసం రెండు సెకన్లు పట్టాలి. ఆరోజు ఫోన్‌లో దూషణలా వినిపించిన విషయమే ఇప్పుడు పాఠంలా వినిపించింది.

ఈ కేసు తర్వాత డ్రైవింగ్ నేర్చుకుంటున్న పిల్లలున్న తల్లిదండ్రులకి నేను ఒక పని చెబుతున్నాను. ఫోన్ వస్తే మొదట ఏమనాలో ముందే అనుకుని, నోటితో రెండుమూడుసార్లు అని చూసుకోండి. నీకేమైనా తగిలిందా? అవతలివాళ్లకి? దెబ్బ గట్టిగా తగిలితే 108కి చేయి, బండి పక్కకి తీయగలిగితే తీసి హజార్డ్ లైట్లు వేయి, నేను వస్తున్నా. స్పీడ్ ఎంతో మర్నాడు అడగొచ్చు, తప్పకుండా అడగాలి కూడా. తాళాలు తీసుకోవాల్సి వస్తే, మళ్లీ ఎప్పుడిస్తారో ఆరోజే చెప్పాలి. మొదటి రెండు మూడు వారాల నిద్రలేమికి కంగారుపడి పరుగెత్తాల్సిన పని లేదు, చాలామందికి దానంతటదే తగ్గుతుంది. నెల దాటినా తగ్గకపోతే ఆలస్యం చేయొద్దు.

ఇదంతా లైసెన్స్ ఉన్న పిల్లల సంగతి. 18 నిండని పిల్లలకి కారు ఇచ్చి, తర్వాత ఎలా మాట్లాడాలని నన్ను అడిగేవాళ్లు కూడా వస్తారు. అక్కడ ముందు మాట్లాడాల్సింది తల్లిదండ్రులతో. 2019 సవరణతో చేర్చిన 199ఏ సెక్షన్ కింద బాధ్యత వాళ్లదే. మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు.

ఫాలో అప్

మొత్తం తొమ్మిది సెషన్లు. చివరిసారి 22 ప్రశ్నల స్కేల్‌లో 7 వచ్చింది. నాలుగు నెలల తర్వాత ఫోన్ చేస్తే, శనివారాలు కారు వేసుకుని కాలేజీకి వెళ్తున్నానంది. బందరు రోడ్డు మీద సాయంత్రం ట్రాఫిక్‌లో ఇంకా నడపడం లేదు. నేనూ తొందరపెట్టలేదు. ఉడకబెట్టిన గుడ్డు తినడం లేదు, ఆమ్లెట్ తింటోంది. మావయ్య వాళ్లకి విషయం చెప్పేశారు. చెప్పింది నాన్నే, రైసు మిల్లు సంగతి మొదలుపెట్టి దాంతో పాటు ఇదీ చెప్పారట. అమ్మ మాత్రం కూతురు నడుపుతుంటే కారు ఎక్కడం లేదు. ఆమెకి వచ్చే వారం టైం ఇచ్చాను.